బెత్తెడు ఈశాన్యం

మా బావ నలభై ఏళ్లు సముద్రం మీద ఎండ తిన్నాడు. తెల్లారకముందే తెప్ప తోసుకుని వేటకెళ్తే సూర్యుడు సరిగ్గా ఎదురుగా, కళ్లలోకే లేస్తాడు. ఏనాడూ దాని గురించి ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో, అద్దం వెనకాల కూర్చుని "ఎండరా" అన్నాడు. ఆ రోజు పట్టిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. దిగేదాకా ఆగితే ఇది రాయలేను, అందుకే కోపంతోనే రాస్తున్నాను. ఎక్కడైనా అక్షరం గట్టిగా పడితే సర్దుకోండి.

బావంటే మా పెద్దక్క మొగుడు. వజ్రపుకొత్తూరు అవతల ఒడ్డునున్న ఊరు. కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, "ఏ రోజులిచ్చారు?" అని మాత్రం అడుగుతారు, బస్సు టైము అడిగినట్టు. బావకి సోమ, బుధ, శుక్రవారాలిచ్చారు. పలాస నుంచి టెక్కలి వెళ్లే దారిలో ఒక ట్రస్టు వాళ్లు కొత్తగా కట్టిన డయాలసిస్ సెంటరు. పొద్దున్న మొదటి బ్యాచ్. నాలుగు గంటలు కదలకూడదు.

ఆ హాలుకి తూర్పు గోడ మొత్తం అద్దమే. వెలుతురుంటే రోగికి హుషారట. హుషారు ఎక్కువైపోయింది. ఏడు గంటల ఎండ నేరుగా వచ్చి కుర్చీల్లో ఉన్నవాళ్ల మొహాల మీద కూర్చునేది. బావ ఎడమ చేతికి రెండు సూదులు, వాటికి గొట్టాలు. అటు తిరగలేడు, ఇటు తిరగలేడు. మొహం మీద తువ్వాలు కప్పుకుంటే నర్సమ్మ వచ్చి తీసేసేది. మొహం రంగు మారితే కనబడాలి కదా, ఆవిడ చెప్పిందీ నిజమే. తెరలు కడదామంటే దుమ్ము, ఇన్‌ఫెక్షను అన్నారు. జీడిపప్పు అట్టపెట్టెలు విప్పి అద్దం బయట కట్టి చూశాం. సముద్రపు గాలి రెండో రోజుకే వాటిని టెక్కలి వైపు తోలేసింది. కుర్చీ మార్పిస్తానంటే బావ ఒప్పుకోలేదు.

"నాను లేత్తే ఇంకోడు కూకోడేటి? ఆడి మొకం మొకం కాదా?" అన్నాడు.

ఎండ కంటే దాహం పెద్ద బాధ. ఆ జబ్బులో నీళ్లు కొలిచి తాగాలి. రోజుకు దక్కే నీళ్లలో సగం ఆ నాలుగు గంటల ఎండే లాగేసేది. "సంద్రంలో అయితే ఎండకి వీపు తిప్పేసీవోణ్ణిరా. ఇక్కడ వీపుకి కూడా డూటీ ఉంది" అని నవ్వేవాడు. పెదాలు పగిలిపోయి ఉండేవి, నవ్వితే రక్తం వచ్చేది. అయినా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

మండటానికి ఇంకో కారణం ఉంది. ఆ అద్దం ముందు బిగించాల్సిన నీడ ప్యానెళ్లు మా షాపే చెయ్యాలి. మా షాపులో వాటి బొమ్మ వేసేది నేనే. బావ ఈ సంగతి హాలంతా చెప్పేసుకున్నాడు. "మా బావమరిది కంప్యూటర్లో నీడ సేత్తన్నాడు, వచ్చే వారానికి వచ్చేత్తాది." ఆ వచ్చే వారం ఎన్ని వారాలైందో చెబితే మీరు నన్ను తంతారు. తన్నండి, కానీ పూర్తిగా విని తన్నండి.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. మొదట ఒక తాపీమేస్త్రి దగ్గర పనికి చేరాను, తర్వాత వెల్డింగు, ఆ తర్వాత పలాసలో ఈ షాపు. మాది ఎలివేషన్ల షాపు. మావైపు ఎలివేషనంటే ఇంటి మొహం. లోపల పొయ్యి వెలగకపోయినా మొహానికి డిజైను ఉండాలి. షాపులో కంప్యూటరు చేసేవాడు పెళ్లి చేసుకుని హైదరాబాదు పోతే, అతని వెనకాల నిలబడి రెండేళ్లు చూసిన పాపానికి ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

ఈ ప్యానెళ్ల డిజైను విశాఖపట్నంలో ఒక ఆర్కిటెక్టు మేడంది. మంచి బుర్ర. పారామెట్రిక్ అంటారు దాన్ని. ఒక్కో ప్యానెలూ చేత్తో గీయక్కర్లేదు, ఒక నియమం రాస్తే చాలు. కుర్చీలో తల ఉండే ఎత్తులో చిల్లులు చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి. గోడ కొలత మారిస్తే చిల్లులన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. తెర మీద చిన్న చిన్న డబ్బాలు, వాటిని కలుపుతూ తీగలు, కరెంటు బోర్డు వెనక చూసినట్టుంటుంది. మొత్తం ఎనిమిది ప్యానెళ్లు. ఒక్కోటి అరుగు అంచు నుంచి స్లాబు అంచు దాకా నిలువుగా ఒకే అల్యూమినియం రేకు, వెనక ఇనుప చట్రం. నా పని గోడ కొలిచి ఆ కొలత డబ్బాలో పెట్టి, వచ్చిన బొమ్మని కోత మిషనుకివ్వడం. అంతే. జీడిమామిడి పూత మీద ఉన్నప్పుడు కొలిచాను. బొమ్మ చక్కగా వచ్చింది. ఎనిమిదీ పచ్చగా, పెళ్లిపందిరి కొబ్బరాకుల్లా ఉన్నాయి.

ముందు రెండే కోశాం, ఇటు చివరిదొకటి, అటు చివరిదొకటి. దక్షిణం చివర ప్యానెలు అమ్మ ఒళ్లో బిడ్డలా కూర్చుంది. ఉత్తరం చివరది మూడు మూలలు కూర్చుని నాలుగో మూల లేచిపోయింది. బోల్టు ఎక్కడో, చిల్లు ఎక్కడో. బిగించేవాళ్లు బలవంతంగా లాగి బిగించారు. రేకు పొట్ట ఉబ్బి, గాలి కొట్టినప్పుడల్లా నూనె డబ్బా నొక్కినట్టు టప్ టప్ మంది. లోపల రోగులు పడుకోవాలా, అది వినాలా? విప్పేశాం.

మేడంకి ఫోను చేశాను.

"కొలత తప్పు తీసుంటారు" అంది.

"లేదు మేడం, లేజరుతో తీశాను."

"మోడల్లో అన్నీ సరిగ్గా ఉన్నాయి కదండీ. మోడల్ కరెక్టయితే సైటే తప్పు. ఇంతకీ మీరేం చదువుకున్నారు?"

"ఎనిమిదిలో సగం మేడం. మిగతా సగం మీలాంటోళ్లకి వదిలేశాను, చదువుకుంటారని."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వాలని అనలేదు.

మళ్లీ వెళ్లి, ఈసారి నిచ్చెన వేసి, ఒక్కో బోల్టు దగ్గరా కొలిచాను. ఆ కొలతలన్నీ పెట్టేసరికి తెర మీద పచ్చగా ఉన్న డబ్బాలన్నీ ఎర్రబడ్డాయి. ప్యానెలు చదునుగా లేదు, పరిచి కొయ్యడం కుదరదని దానర్థం. ఎందుకు లేదో మాత్రం చెప్పదు. డాక్టరైనా రెండు ముక్కలు చెబుతాడు.

ఇక మొదలైంది. అంగుళాలకీ మిల్లీమీటర్లకీ తేడా వచ్చిందేమోనని చూశాను, రాలేదు. రేకు తిరగబడి, వెనకది ముందుకొచ్చిందేమోనని రంగులేసి చూశాను, రాలేదు. సగం తీగలు పీకేసి సగమే నడిపాను, ఇల్లంతా చీకటైతే ఒక్కో ఫ్యూజూ పీకి చూస్తాం చూడండి, అలాగ. చిల్లుల నియమం తీసేశాను, అయినా ఎరుపే. అంటే తప్పు చిల్లుల్లో లేదు, రేకు మూలల్లో ఉంది. మేడం పంపిన ఒక డబ్బా ఉంది, చదును కానిదాన్ని అదే చదును చేస్తుందట. పెట్టాను. చేసింది. మొదటి ప్యానెలు చదునైంది, ఆ తేడా జరిగి రెండోదాని పక్కన సందుగా పడింది. రెండోది సర్దితే మూడోదాని పక్కన పడింది. చిన్న దుప్పటి కప్పుకుని కాళ్లు లాక్కున్నట్టు ఎనిమిది ప్యానెళ్లూ సర్దుకుంటూ వెళ్తే చివర ఆ సందులోంచి పిల్లి దూరొచ్చు. పిల్లి దూరే చోట ఎండ దూరదా? ఆ సందు ఎదురుగా ఉన్నది సరిగ్గా మా బావ కుర్చీ.

ఇలా చేస్తూ వారాలు పోయాయి. ప్రతి సోమవారం బావని దింపడానికి వెళ్లేవాణ్ణి.

"ఏటిరా, నీడ ఎంతవరకూ వచ్చింది?"

"పచ్చగా ఉండేది బావా, ఎర్రబడింది."

"పండిందన్నమాట. మరి కొయ్యవేటి?"

హాలంతా నవ్వారు. కళ్లు చికిలించుకుని నవ్వారు. వాళ్ల చికిలింపు చూసి బండెక్కి షాపుకొచ్చి, ఆ రోజు ఒక మౌసు పగలగొట్టాను. దానికి నా నెల జీతంలో కోత పడింది, అది న్యాయమే, మౌసు చేసిన తప్పేమీ లేదు.

చివరికి కంప్యూటరు కట్టేసి, ఒక ఇనుప గుండు, తాడు పట్టుకుని వెళ్లాను. అన్నిటికంటే ముందు నాకొచ్చిన పని అదే. స్లాబు దక్షిణం మూల నుంచి గుండు వేలాడదీశాను. కింద అరుగు అంచుకి ముద్దు పెట్టినట్టు ఆనింది. ఉత్తరం మూల నుంచి వదిలాను. గుండు అరుగుని తాకకుండా బయట గాల్లో ఊగింది. మధ్యలో చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్లు, సరిగ్గా నాలుగు. బెత్తెడు.

ఆ నాలుగు వేళ్లు చూడగానే నాకు కొలత కాదు, ఒక మనిషి గుర్తొచ్చాడు. బడి మానేసి నేను మొదట పనిలో చేరిన ఆ తాపీమేస్త్రి. ఈ స్లాబు వేసింది ఆయనేనని తెలుసు. తూర్పు, ఉత్తరం కలిసే ఆ మూల ఈశాన్యం. మావైపు ఏ మేస్త్రీ ఈశాన్యం కొలతకి సరిగ్గా ఆపడు. దారం కట్టేటప్పుడు ఆ మూలన కొట్టిన మేకు దగ్గర నాలుగు వేళ్లు పెట్టి, మేకుని ఆ నాలుగు వేళ్ల అవతలికి జరుపుతాడు. ఈశాన్యం పెరిగితే ఇంటికి మంచిది. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు, ఏ కాగితం మీదా ఉండదు.

మేస్త్రిని కంచిలి దగ్గర ఇంకో పనిలో పట్టుకున్నాను.

"మేస్త్రీ, ఆ స్లాబు మూల పెంచావా?"

"పెంచకుండా ఎలగుంటాం?" అన్నాడు, అన్నం తినకుండా ఎలగుంటాం అన్నట్టు.

"మరి కింద అరుగు పెరగలేదేం?"

"అరుగు కట్టినప్పుడు ఇంజినీరు టేపట్టుకుని నెత్తిమీద నిలబడిపోనాడ్రా. పెంచనిచ్చాడు కాదు. స్లాబు సెంట్రింగునాడు ఆడు రాలేదు. కింద లేకపోతే పైనైనా ఉండాలి కదా! రోగాలోళ్లు ఉండీ బిల్డింగు. ఈశాన్యం కురసైతే ఆళ్లకి బాగుంటాదేటి? ఆళ్ల మంచికే పెంచేను."

ఆళ్ల మంచికే! నాకు గొంతు దాకా తిట్లొచ్చాయి. ఆయన మొహంలో ఒక్క వీసం కూడా కల్మషం లేదు, అదీ నా మంట. దుర్మార్గుణ్ణి తిట్టి ఇంటికొచ్చి పడుకోవచ్చు. మంచివాణ్ణి తిడితే తిట్టు ఎదరకి పోదు, తిరిగి మనకే తగులుతుంది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా మేస్త్రీ! కింద ఒక గీత, పైన ఒక గీత. గోడ మెలితిరిగిపోయింది. ఆ మెలిక మీద చదును రేకు ఎలా కూర్చుంటుంది?"

"నీకు సెప్పాలేటి? ఆ మేకు జరపడం నీకు నేర్పింది ఎవులు? నా దగ్గిర ఎన్ని మేకులు జరిపేవు నువ్వు? కొలిసినప్పుడు సూసుకోలేదేటి?"

దానికి నా దగ్గర జవాబుంది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మొదటిసారి కొలిచిన రోజు ఉత్తరం చివర నిచ్చెన లేదు. అవతలి గదిలో ఉందట, మోసుకురావాలి. ఎండగా ఉంది. ఒక చివర కొలిచి, అదే అంకె రెండో చివరకి కూడా రాసేశాను. కంప్యూటరు నమ్మేసింది. బొమ్మ పచ్చగా వచ్చింది. పదిహేను ఏళ్ల వయసులో నా చేత్తోనే బెత్తెడు బెత్తెడు మేకులు జరిపినవాణ్ణి, మౌసు పట్టుకోగానే గోడలన్నీ నిటారుగా ఉంటాయని నమ్మడం మొదలుపెట్టాను. మేడం నా చదువు అడిగినప్పుడు కోపమొచ్చింది చూశారూ, అది ఆమె మీద కాదు.

తప్పు దొరికితే సరిపోతుందనుకున్నాను. దొరికాక ఇంకా బిగిసింది. స్లాబు అంచు బెత్తెడు కోసేయమంది మేడం. ట్రస్టు పెద్దాయన, బడిపంతులుగా రిటైరైన మనిషి, చెవులు మూసుకున్నాడు. "ఈశాన్యం కొయ్యడమా! రోగులున్న చోట! ఇంకోసారి అనకు నాయనా." పోనీ కింద ఫ్రేము బెత్తెడు ముందుకి తెద్దామంటే అక్కడ స్ట్రెచరు వచ్చే వాలుదారి, తగులుతుంది. పైన కోయకూడదు, కింద జరపకూడదు, రేకు మెలితిరగదు. మేస్త్రి, మేడం, పెద్దాయన, ముగ్గురి మాటా ఒప్పే. ఆ ఒప్పుల మధ్యలోంచి రోజూ ఏడింటికి ఎండ వస్తోంది.

షాపుకొచ్చి తుక్కు రేకు ముక్కొకటి తీసి నేలకేసి కొట్టబోయాను. చేతిలో ఒక మూల కొంచెం వంగింది. ఎదురు మూలల మధ్య ఐమూలగా ఒక మడత పడింది. ఆ ముక్కని బల్ల మీద పెట్టి, ఒక మూల కింద చిటికెన వేలు దూర్చాను. మిగతా మూడు మూలలూ ఆనుకునే ఉన్నాయి. రేకు ఉబ్బలేదు, టప్ అనలేదు. రెండు త్రిభుజాలు, ఏ త్రిభుజానికి ఆ త్రిభుజం చదునుగా.

మూడు కాళ్ల పీట ఎక్కడ వేసినా ఊగదు. నాలుగు కాళ్లదే ఊగుతుంది. ఈ ముక్క నాకు ఏ బడీ చెప్పలేదు, మా అమ్మమ్మ పీట చెప్పింది. రేకు వెనక గాడి కొట్టి మడవడం మా షాపులో రోజూ చేసే పనే, బోర్డుల అంచులన్నీ అలాగే మడుస్తాం. ఎన్ని వారాలు ఆ గాడి మిషను పక్కనే కూర్చుని తెరలో వెతికానో! మేడం పంపిన చదును డబ్బా పీకి పారేశాను. దాని చోట ఒకే ఒక్క గీత పెట్టాను, ఈ మూల నుంచి ఆ మూలకి. గీత మీద పడే చిల్లులు తీసేయమని ఒక నియమం రాశాను, లేకపోతే మడతలో రేకు చిరుగుతుంది. ఎనిమిదీ పచ్చబడ్డాయి.

మేడంకి బొమ్మ పంపి ఫోను చేశాను.

"ఇది ముందే చెప్పుంటే బావుండేది కదండీ" అంది.

"ముందు నాకూ తెలీదు మేడం. ఇంకో మాట. మొదటి కొలత తప్పు నాదే. ఒక చివరే కొలిచాను."

"నేనూ ఒక చివరే అడిగాను" అంది. అంతవరకూ ఆమెని తిట్టుకున్న తిట్లలో సగం అక్కడే వెనక్కి తీసుకున్నాను. మిగతా సగం ఆ చదువు ప్రశ్నకి ఉంచుకున్నాను.

ప్యానెళ్లు బిగించేసరికి జీడిమామిడి పళ్లు రాలుతున్నాయి. పూత నుంచి పండు దాకా, ఒక బెత్తెడు కోసం.

ఆ తర్వాతి సోమవారం బావతో పాటు లోపలికి వెళ్లి, పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. సూదులు గుచ్చారు. ఏడైంది. ఎండ వచ్చింది. వచ్చి, రేకు బయటే ఆగింది. పెద్ద చిల్లుల్లోంచి కొన్ని చుక్కలు పైకప్పు మీద, కొన్ని నేల మీద పడ్డాయి. బావ మొహం మీద ఒక్కటి కూడా లేదు. ఆ మొహం అలా చికిలించకుండా ఉండగా నేను చూసి ఎన్నాళ్లయిందో.

"బావా, నీకొకటి చెప్పాలి. ఇదంతా ఆలస్యం అవడానికి…"

"ఒక చివరే కొలిసేవట కదా. నువ్వు సెప్పకపోయినా నీ మొకం సూసి మేస్త్రి కనిపెట్టీసేడట, నాకు సెప్పాడు. ఆడూ నేనూ ఒకల్నొకలం ఎరుగుదుం." కళ్లు మూసుకునే అన్నాడు. "ఒక పక్కే తెడ్డేసినోడు ఎక్కడికెల్తాడో తెలుసా? ఎక్కడికీ ఎల్లడు, బయల్దేరిన కాడే గిరగిరా తిరుగుతాడు. తిరిగేవు కదా, ఇంక ఊరుకో."

నేను ఇంకేదో అనేలోపు నిద్రపోయాడు. ఆ కుర్చీలో నిద్రపోవడం అదే మొదటిసారని నర్సమ్మ చెప్పింది.

బయటికొచ్చేసరికి మేస్త్రి ఆ ప్యానెళ్ల కిందే నిలబడి మడతల్ని వేలితో రాసి చూస్తున్నాడు. పడమటి హాలు పని కూడా ఆయనదేనట, అక్కడ మధ్యాహ్నం బ్యాచ్‌కి పడమటి ఎండ. వాటికీ ప్యానెళ్లు మేమే చెయ్యాలి.

"మేస్త్రీ, నిచ్చెన ఎక్కకముందే అడుగుతున్నాను. అక్కడేం చేశావు?"

"ఏటీ సెయ్యలేదురా" అన్నాడు. మడత మీంచి వేలు తీసి, "నైరుతి కాసింత ఎత్తు లేపేం, అంతే. నైరుతి పల్లమైతే బాగోదు కదా."

"ఎంత?"

చెయ్యి ఎత్తి నాలుగు వేళ్లు చూపించాడు.

అన్ని వారాల నుంచీ దాచుకున్న కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది. నోరు తెరిచాను. అద్దం అవతల బావ నిద్రపోతున్నాడు. మేస్త్రిని రెక్క పట్టుకుని దగ్గరకి లాగి, చెవిలో, గుసగుసగా, నాకొచ్చిన తిట్లన్నీ మొదటి నుంచి చివరి దాకా తిట్టాను. ఆయన చెవొగ్గి శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక, నిచ్చెన ఎక్కడుందో చూపించాడు.